బిట్‌కాయిన్ నెట్‌వర్క్ పరిమాణాన్ని, భౌగోళిక విస్తృతిని అంచనా వేయడం ఎలా?

బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌ను కొలవబోయే ముందు దేన్ని లెక్కిస్తున్నామో తేల్చుకోవాలి. ఒక్క మనిషికి వందల వాలెట్ చిరునామాలు ఉండవచ్చు. ఎక్స్ఛేంజీలో ఖాతా ఉన్నవారిలో అత్యధికులకు సొంత నోడ్ (బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ నడుపుతూ తోటి కంప్యూటర్లతో కలిసి ఉండే కంప్యూటర్) ఉండదు. మైనింగ్ శక్తి (కొత్త బ్లాకుల కోసం పోటీపడే యంత్రాల మొత్తం వేగం) కావాలంటే డిఫికల్టీని, అంటే బ్లాకు దొరకడం ఎంత కష్టమో చెప్పే సంఖ్యను, 2 యొక్క 32వ ఘాతంతో గుణించి, బ్లాకుల మధ్య ఉండాల్సిన వ్యవధి 600 సెకన్లతో భాగిస్తే సరిపోతుంది గానీ, ఆ శక్తి ఎక్కడుందో ఆ లెక్క చెప్పదు. ఈ వ్యాసం నోడ్‌లకే పరిమితం.

హైదరాబాద్‌లో మామూలు ఇంటి బ్రాడ్‌బ్యాండ్, ఒక ల్యాప్‌టాప్, పైథాన్ ఉంటే పని మొదలుపెట్టవచ్చు. డీఎన్ఎస్ సీడ్‌ల (కొన్ని నోడ్‌ల చిరునామాలు ఇచ్చే సర్వర్ల) నుంచి తొలి నోడ్ చిరునామాలు తీసుకుని, ఒక్కొక్కదానికి సాధారణంగా 8333 పోర్టులో కనెక్ట్ అయి, పరిచయానికి వాడే వెర్షన్, వెరాక్ సందేశాలు ఇచ్చిపుచ్చుకున్నాక, చిరునామాలు అడిగే గెట్‌అడర్ సందేశం పంపాలి. అవతలి నోడ్ తనకు తెలిసిన చిరునామాలలో గరిష్ఠంగా 1000 పంపుతుంది. వాటిని వరుసలో చేర్చుకుంటూ కొత్తవి రావడం ఆగే వరకు సాగాలి. 2021లో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ (నోడ్‌లు నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్) 0.21 నుంచి నోడ్‌లు ఒకే జవాబును దాదాపు రోజంతా దాచి పెట్టుకుని అదే ఇస్తున్నాయి కాబట్టి, ఒకరినే మళ్లీ మళ్లీ అడగడం వృథా. టార్ (స్థలాన్ని దాచిపెట్టే నెట్‌వర్క్) చిరునామాలు కూడా కావాలంటే వెరాక్‌కు ముందే సెండ్‌అడర్‌వీ2 సందేశం పంపాలి. బిట్‌నోడ్స్ అనే వెబ్‌సైట్ ఇదే పని ఎప్పటి నుంచో చేస్తోంది, దాని కోడ్ కూడా బహిరంగంగానే ఉంది. మొదటి నుంచి రాసుకునే ముందు దాన్ని చదవడం మేలు.

సేకరించిన చిరునామాల సంఖ్యనే నెట్‌వర్క్ పరిమాణంగా చూపడం ఈ పనిలో తరచుగా కనిపించే తప్పు. వాటిలో ఎప్పుడో ఆగిపోయినవి, కల్పితమైనవి చాలా ఉంటాయి కాబట్టి, వెర్షన్ సందేశం తిరిగి ఇచ్చిన నోడ్‌లనే లెక్కలోకి తీసుకోవాలి. ఒకే యంత్రం ఐపీవీ4, ఐపీవీ6 (ఇంటర్నెట్ చిరునామాల పాత, కొత్త రకాలు), టార్ మూడింటిలోనూ కనిపించవచ్చు; అందువల్ల మూడింటినీ కూడి ఒకే సంఖ్య ఇవ్వకుండా విడివిడిగా చూపాలి.

ఇలా వచ్చేది బయటి నుంచి చేరుకోగలిగిన నోడ్‌ల సంఖ్య మాత్రమే. రూటర్ వెనుక ఉండి, తాము మాత్రమే ఇతరులకు కనెక్ట్ అయ్యే నోడ్‌లు ఇందులో కనిపించవు. వాటిని పరోక్షంగా అంచనా వేయవచ్చు. కోర్ నోడ్ సాధారణంగా 10 బహిర్గామి కనెక్షన్లు (తానే ఇతరులకు పెట్టేవి) పెట్టుకుంటుంది. మీరే కొన్ని నోడ్‌లను కొన్ని వారాలు నడిపి, ఒక్కోదానికి సగటున ఎన్ని నిలకడైన కనెక్షన్లు వస్తున్నాయో చూసి, ఆ సగటును చేరుకోగలిగిన నోడ్‌ల సంఖ్యతో గుణించి 10తో భాగించాలి. ఉదాహరణకు సగటు 40, చేరుకోగలిగినవి 10,000 అనుకుంటే మొత్తం 40,000 వస్తుంది. ఈ మొత్తంలో చేరుకోగలిగిన నోడ్‌లూ కలిసే ఉంటాయి. క్రాలర్లు (పైన చెప్పినట్టు నోడ్‌లను వరుసగా వెతికే ప్రోగ్రాములు), నిఘా నోడ్‌లు పెట్టే కనెక్షన్లను ముందే తీసివేయకపోతే ఈ సంఖ్య ఉబ్బిపోతుంది. కొత్తగా పెట్టిన నోడ్ చిరునామా నెట్‌వర్క్‌లో వ్యాపించకముందే కొలిస్తే కుంచించుకుపోతుంది.

ఈ రెండో పద్ధతికి మన ఊళ్లో ఒక చిక్కుంది. మీ రూటర్ వాన్ (ఇంటర్నెట్ వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే ఐపీవీ4 చిరునామాను చాలామంది చందాదారులకు పంచే ఏర్పాటు) వెనుక ఉన్నట్టే. బయటివారెవరూ మీ నోడ్‌కు ఐపీవీ4లో నేరుగా రాలేరు. నెలకు కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) తీసుకోవాలి, లేదా ఐపీవీ6తో సరిపెట్టుకోవాలి. క్రాలింగ్‌కు ఈ అడ్డంకి లేదు. అయితే ఏకకాలపు కనెక్షన్లను ఒకటి రెండు వందలకు మించనివ్వకపోవడం మంచిది. పటాలలో భారత్ వాటా వాస్తవం కంటే చిన్నదిగా కనిపించడానికి ఇలా ఇళ్లలో దాగిపోయిన నోడ్‌లు ఒక ప్రధాన కారణమని నా అభిప్రాయం.

స్థలం తెలుసుకోవడానికి మాక్స్‌మైండ్ వారి జియోలైట్2 వంటి డేటాబేస్‌లో ప్రతి ఐపీని వెతకాలి. దేశం వరకు దాన్ని చాలామటుకు నమ్మవచ్చు, నగరం విషయంలో నమ్మకూడదు. కూకట్‌పల్లిలో ఉన్న కనెక్షన్‌ను అది ముంబయిగానో చెన్నైగానో చూపించవచ్చు. నగరం పేరుతోనే సమూహాలు కడితే సింధ్‌లోని హైదరాబాద్ కూడా మన ఖాతాలోకి వచ్చి పడుతుంది కాబట్టి దేశ సంకేతాన్ని తప్పక జతచేయాలి. ఐపీ ఏ సంస్థ నెట్‌వర్క్‌కు చెందినదో ఏఎస్ఎన్ (ఒక్కో సంస్థ నెట్‌వర్క్‌కు ఇచ్చే సంఖ్య) ద్వారా చూడటం ఇంకా ముఖ్యం. 2022 నవంబరులో అమెజాన్ ఇక్కడ తన క్లౌడ్ రీజియన్ ప్రారంభించింది; హైదరాబాద్‌గా కనిపించే నోడ్ వేరే ఖండంలోని ఎవరో అద్దెకు తీసుకున్న సర్వర్ కావచ్చు. అందుకే క్లౌడ్ నోడ్‌లను, ఇంటి కనెక్షన్లను వేర్వేరు వరుసలలో చూపాలి.

ఐపీ ఆధారంగా గీసిన పటం ఎంత మోసగిస్తుందో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల మైనింగ్ పటం చూపింది. పూల్‌ల (మైనర్లు కలిసి పనిచేసే బృందాల) నుంచి వచ్చిన ఐపీ వివరాల ప్రకారం, చైనా మైనింగ్‌పై పెట్టిన నిషేధం తర్వాత 2021 జులై, ఆగస్టులలో చైనా వాటా సున్నాకు పడి, సెప్టెంబరులో ఒక్కసారిగా ఐదో వంతును దాటింది. యంత్రాలు నెలలో అంతగా తిరిగి రావు. వీపీఎన్‌ల (అసలు ఐపీని దాచే సేవల) వెనుక రహస్యంగా నడిచి, ఆ తర్వాత బయటపడ్డాయనుకోవడమే సబబు.

ఫలితాలు ప్రకటించేటప్పుడు క్రాల్ చేసిన తేదీ, సమయం రాయాలి. దేశాల శాతాలను లెక్కించేటప్పుడు టార్ నోడ్‌లను హారం నుంచి తీసివేసి, వాటి సంఖ్యను పక్కన విడిగా ఇవ్వాలి. వ్యక్తుల ఇళ్లకు దారితీసే ఐపీ చిరునామాలను మాత్రం పట్టికలో చేర్చకూడదు.