ఆధారం చూపి రాయడం: ప్రాచీన చరిత్ర పాఠంతో మొదలుపెట్టే తీరు
ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఆధారాలతో రాయడం నేర్పాలంటే, పాఠం చెప్పకముందే ఒక కట్టడం చిత్రాన్ని చూపి, కంటికి కనిపించినది మాత్రమే రాయమనాలి. సింధు నాగరికత నగరమైన మొహెంజొదారోలోని మహా స్నానవాటికనే తీసుకోండి: సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, రెండు వైపులా దిగే మెట్లు, నీరు ఇంకిపోకుండా వేసిన తారు పూత. ఇవి ఆధారాలు. "పూజకు ముందు ఇక్కడ స్నానం చేసేవారు" అన్నది మాత్రం ఊహ; సింధు లిపిని ఇంతవరకు ఎవరూ నిర్ధారణగా చదవలేకపోయారు కనుక దాన్ని రూఢిపరిచే రాత మనకు లేదు. ఈ తేడా అందడానికి నాలుగైదు పీరియడ్లు పట్టినా తొందరపడకూడదు.

తరువాత వాదన, ఆధారం, ఆ రెంటినీ కలిపే వాక్యం రాయించాలి. పిల్లలు తరచుగా వదిలేసేది ఈ మూడోదే. "తారు పూశారు కాబట్టి నీటిని నిలవ ఉంచడానికే కట్టారు" అని బోర్డుపై ఒకటి రాసి చూపండి. దిద్దేటప్పుడు కొట్టివేతకు బదులు "ఇది నీకెలా తెలిసింది?" అని పక్కన రాయండి.