కెనడా ఫ్రెంచి పూర్వీకుల్ని వెతకాలంటే ముందు 'ది' (dit) పేర్ల సంగతి తెలియాలి

క్యూబెక్ వైపు మూలాలు వెతికేవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే: తండ్రి ఇంటిపేరు ఊదోఁ, కొడుకుది బోల్యో. ఇద్దరూ ఒకే కుటుంబం. అసలు పేరు 'ఊదోఁ ది బోల్యో', అంటే బోల్యో అని పిలవబడే ఊదోఁ. తర్వాతి తరాల్లో ఒకడు మొదటిది ఉంచుకున్నాడు, ఇంకొకడు రెండోది, కొందరైతే ఒక కాగితంలో ఒకటి, ఇంకో కాగితంలో ఇంకోటి రాయించారు. 1665లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కారిన్యాన్-సాలియేర్ అనే సైనిక దళంలోని వాళ్ళలాంటి సైనికులకు ఇలాంటి మారుపేర్లు మామూలే: లాఫ్లర్ అంటే పువ్వు, సాన్‌సూసీ అంటే చింతలేనివాడు (యుద్ధానికి వెళ్ళేవాడికి భలే పేరు!). కాబట్టి వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

తెలిసిన కొత్త తరం నుంచి వెనక్కి వెళ్ళండి, పెళ్ళి నమోదు దొరికితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే చర్చి రిజిస్టర్లో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు సాధారణంగా ఉంటాయి, తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటుంది. ఆడవాళ్ళను భర్త పేరుతో వెతికి టైం వేస్ట్ చేసుకోకండి. బాప్టిజంలో చాలామంది అబ్బాయిలకు జోసెఫ్, అమ్మాయిలకు 'మరీ' (Marie) అని ముందు తగిలించేవారు, ఇంట్లో పిలిచేది మాత్రం తరచుగా ఆ బాప్టిజం పేర్లలో చివరిదే. అమెరికా వెళ్ళాక బ్వావేర్ (ఫ్రెంచిలో పచ్చని అడవి) కాస్తా ఇంగ్లీషులో గ్రీన్‌వుడ్ అయిపోయిన ఇళ్ళూ ఉన్నాయి, అదీ గుర్తుంచుకోండి. పాత క్యూబెక్ చర్చి నమోదులున్న, మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళ పీఆర్‌డీహెచ్ (PRDH) డేటాబేస్‌తో మొదలుపెడితే ఈ పేర్ల తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.