కష్టపడుతున్నా డబ్బు నిలవట్లేదా? ఎక్కడ కారుతోందో వెతకండి

మన శ్రీకాకుళం వాళ్లకి ఒళ్లు దాచుకునే అలవాటు లేదు. చెన్నైలో సెంట్రింగ్ పని, విశాఖలో సిమెంటు మోత, గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్లెక్కడం, అన్నీ చేస్తున్నది మనవాళ్లే. అయినా ఇంట్లో రూపాయి ఆగదు. పథకాలన్నీ దండగ అనే ముందు ఇవి చూడండి.

లక్షణం: ఉపాధి హామీ పని మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరుంది, ఖాతాలో కూలి పడలేదు.

మా పిన్నికి ఇదే జరిగింది. ఆరు వారాల ఉపాధి కూలి రాలేదని ఫీల్డ్ అసిస్టెంట్‌ని తిట్టిపోసింది, సచివాలయం చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. తీరా చూస్తే, డ్వాక్రా అప్పు కోసం వేరే బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు వేలిముద్ర వేయించుకుని ఆధార్‌ని అక్కడికి కలిపేశారు. ఆ పాసుబుక్కేమో బియ్యం డబ్బా అడుగున పడుంది! 2024 జనవరి నుంచి ఈ కూలి ఆధార్ మీదే వేయడం తప్పనిసరి చేశారు కదా, అంటే మీరిచ్చిన ఖాతా నంబరుతో పనిలేదు, ఆధార్ చివరిసారి ఏ బ్యాంకుకి కలిసిందో అక్కడికే పోతుంది.

పరిష్కారం: ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి, బ్యాంకు పేరు వస్తుంది. మార్చాలంటే మీక్కావలసిన బ్యాంకులో సీడింగ్ ఫారం ఇవ్వాలి. కౌంటర్లో "ఆధార్ లింకైందమ్మా" అంటే వచ్చేయకండి, కేవైసీకి, అంటే మీరెవరో బ్యాంకు సరిచూసుకోవడానికి లింకవడం వేరు, డబ్బు పడాల్సిన ఖాతాగా నమోదవడం వేరు. "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అయిందా?" అని అడగండి.

లక్షణం: విజయనగరంలో తోపుడు బండి, బేరం బాగానే ఉంది, మిగిలేది సున్నా.

కారణం డైలీ ఫైనాన్స్. 10,000 అని రాసుకుని చేతికి 9,000 ఇస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పోయింది వెయ్యే కదా అనిపిస్తుంది కానీ, అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్కేస్తే నెలకి నూటికి ఆరు రూపాయల పైమాటే. మున్సిపాలిటీలో వీధి వ్యాపారి గుర్తింపు కార్డు తీసుకుని, 2020లో మొదలైన పీఎం స్వనిధికి (వీధి వ్యాపారులకి అప్పిచ్చే కేంద్ర పథకం) పెట్టుకోండి. తొలి అప్పు అప్పట్లో 10,000, తర్వాత 15,000 చేశారు. వాయిదాలు సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ రాయితీ.

లక్షణం: వలస వెళ్లినచోట బియ్యం కొనుక్కుంటున్నారు.

కొనక్కర్లేదు. మన రేషన్ కార్డు మీదే హైదరాబాద్, చెన్నైల్లోనూ రేషన్ షాపులో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. కార్డులో ఉన్న అందరి ఈకేవైసీ (ఆధార్‌తో సరిచూడటం) ముందే చేయించండి.

లక్షణం: బాగానే ఉన్న ఇల్లు రెండేళ్లలో అప్పులపాలైంది.

పలాస చుట్టుపక్కల ఉద్దానంలో అయితే అడగక్కర్లేదు, కిడ్నీ జబ్బే. అసలు కారణమేంటో ఇన్నేళ్లయినా తేలలేదు. జీడితోట అమ్మి విశాఖ పరిగెత్తేకంటే ముందు పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆస్పత్రికి వెళ్లండి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి నెలకి 10,000 పెన్షన్ ఉంది, ఆస్పత్రి కాగితాలన్నీ జాగ్రత్తగా దాచండి.

ఇక చివరి లక్షణం, పై నాలుగూ సరిచేసినా కుర్రాళ్లు ఊళ్లో ఉండరు. వానను నమ్ముకున్న ఒక్క పంట, అరెకరం ముక్కలు, వంశధార, నాగావళి పక్కనే పారుతున్నా తడవని చివరి మడులు. దీనికి ఏ కౌంటర్లోనూ ఫారం దొరకదు, కాలువ రావాలి, పక్కనే పని దొరకాలి. మా పిన్ని కూలి డబ్బులైతే పడ్డాయి. వాటిలోంచే కొడుక్కి చెన్నై టికెట్ కొనిచ్చింది.