జపాన్ పాత కత్తికి ఒరలోనే తుప్పు పట్టకుండా ఉండాలంటే

జపాన్ పాత కత్తిని చేసేది తమహగానే అనే ఉక్కుతో. ఇనుప ఇసుకని బొగ్గుతో కాల్చి తీసిన ఈ ఉక్కులో తుప్పుని ఆపే క్రోమియం ఉండదు. పొరపాటున వేలు తగిలి, తుడవకుండా ఒరలో పెట్టేస్తే, కొన్నాళ్లకి ఆ వేలి గీతల ఆకారంలోనే ఎర్రగా తుప్పు లేస్తుంది. దాన్ని తీయించాలంటే తోగిషి, అంటే సానపట్టే నిపుణుడు, రాళ్ల మీద అరగదీయాలి. సాన పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది, మళ్లీ రాదు. అందుకే తుప్పు వచ్చాక చేసే వైద్యం కంటే రాకుండా చూసుకోవడమే చవక.

ముందు ఒర సంగతి. లక్క పూసిన అలంకారపు ఒర నడుముకి కట్టుకోవడానికి చేసింది. దాచిపెట్టడానికి షిరాసాయా అనే సాదా చెక్క ఒర కావాలి. దాన్ని హోనోకి అనే మెత్తని చెక్కతో చేసి, రెండు బద్దల్ని అన్నంతో చేసిన జిగురుతో అతికిస్తారు. ఆ జిగురు బలహీనమైందే, కావాలనే అలా చేస్తారు: లోపల మురికి చేరితే విడదీసి శుభ్రం చేయొచ్చు. ఒక కత్తిని ఇంకో కత్తి ఒరలో మాత్రం పెట్టకండి. కొలత కుదరక గీతలు పడతాయి, పాత ఒరలోని తుప్పు పొడి కొత్తదానికి అంటుకుంటుంది.

తుడిచే ముందు ఉంగరాలు, వాచీ తీసేయండి. బల్ల మీద దుప్పటి మడిచి పరవండి. కత్తి బయట ఉన్నంతసేపు దాని మీదుగా మాట్లాడకండి, తుంపర్లు పడితే అక్కడే చుక్కలుగా తుప్పు వస్తుంది. పదును పైకి ఉండేలా పట్టుకుని, వెన్ను ఒర చెక్క మీద జారేలా ఒకే ఊపులో తీయండి. పిడిలోని వెదురు మేకుని జపాన్ వాళ్లు మేకుగి అంటారు (మన మేకు గుర్తొస్తే తప్పు లేదు). దాని ఒక కొస సన్నగా ఉంటుంది, ఆ వైపు నుంచే చిన్న ఇత్తడి సుత్తితో నెట్టాలి. తర్వాత పిడి చివరని ఎడమచేత్తో పట్టుకుని, కత్తిని కాస్త వాల్చి నిలబెట్టి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద మెల్లగా తడితే పిడి వదులవుతుంది.

నలిపి మెత్తబరిచిన జపాన్ కాగితాన్ని వెన్ను మీదుగా మడిచి, మొదలు నుంచి మొన వైపు మాత్రమే లాగుతూ పాత నూనె తుడవండి. వెనక్కి లాగితే వేళ్లు తెగుతాయి. ఆనవాయితీగా తర్వాత ఉచికో అనే రాతిపొడి అద్ది తుడుస్తారు. నాసిరకం పొడిలో గరుకు రేణువులుంటాయి, ఏళ్ల తరబడి వాడితే మెరుగు మసకబారుతుంది. మా సలహా: కొత్త మైక్రోఫైబర్ గుడ్డ మీద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా వేసి తుడవండి. 70 శాతందైతే మిగిలింది నీళ్లే, అది వద్దు. ఆల్కహాల్ లక్కకీ పిడికీ తగలకూడదు, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఇప్పుడు ఒక్క దీపం కింద కత్తిని అటూ ఇటూ వాల్చి చూడండి. పసుపు మరక పాత నూనెది, మళ్లీ తుడిస్తే పోతుంది. పోని ఎర్ర చుక్క తుప్పు.

నూనె చోజి, అంటే లవంగం, రకం కావాలి. అందులో ఎక్కువ భాగం ఖనిజ తైలం, లవంగం పేరుకే. పంటినొప్పికి మందుల షాపులో దొరికే అచ్చ లవంగ నూనె దీనికి పనికిరాదు. సుమారు 70 సెంటీమీటర్ల కత్తికి మెత్తని గుడ్డ మీద మూడు, నాలుగు చుక్కలు చాలు. పూశాక ఆవిరి పట్టినట్టు పల్చని పొర కనబడాలి. బొట్లు కడితే ఎక్కువైనట్టే, మళ్లీ తుడవండి. ఎక్కువైన నూనె ఒర చెక్కలోకి ఇంకి దుమ్మునీ చెమ్మనీ పట్టి ఉంచుతుంది.

పిడి లోపల ఉండే తోక భాగాన్ని, నకాగోని, రుద్దకండి. దాని మీది నల్లని తుప్పుని బట్టే కత్తి వయసు అంచనా వేస్తారు, చేసినవాడి సంతకం ఉండేదీ అక్కడే. అది మెరిసేలా చేస్తే కత్తి విలువ పోయినట్టే.

కొత్తగా సాన పట్టించిన కత్తికి మొదటి ఆరు నెలలు నెలకోసారి నూనె మార్చండి. తర్వాత ఏడాదికి రెండుసార్లు సరిపోతుంది. జపాన్‌లో జూన్, జూలైల్లో వచ్చే త్సుయు వానల ముందు ఒకటి, అయ్యాక ఒకటి అనుకోండి. కత్తిని అడ్డంగా, పదును పైకి పెట్టి దాచండి. నిలబెడితే నూనె మొనకి జారిపోతుంది. బీరువాలో తేమ 50 శాతం దరిదాపుల్లో ఉండాలి. మరీ ఎండితే ఒర పగులుతుంది. సిలికా జెల్ పొట్లాలు బీరువాలో పెట్టండి, ఒరలో కాదు. నాఫ్తలీన్ ఉండలు అదే అరలో వద్దు.

తుప్పు కనబడితే గరుకు కాగితం, ఇత్తడి పాలిష్ ముట్టుకోకండి. నూనె పూసి తోగిషికి చూపించండి. తుప్పు ప్రతిసారీ అదే చోట వస్తుంటే తప్పు కత్తిది కాదు, ఒరది. ముందు ఒరని విడదీయించి శుభ్రం చేయించి, ఆ తర్వాతే కత్తిని సానకి ఇవ్వండి.