లినక్స్‌లో నడిచిన మల్టీప్రాసెసింగ్ విండోస్‌లో ఎందుకు తేడా కొడుతుంది?

పైథాన్‌లో మల్టీప్రాసెసింగ్ (పనిని ఒకేసారి నడిచే పలు ప్రాసెస్‌లకు పంచడం) కోడ్ ఎవరు చూపించినా నేను ముందు అడిగేది ఇదే: ఏ ఓఎస్, ఏ పైథాన్ వెర్షన్? కొత్త ప్రాసెస్ మొదలయ్యే తీరు దాన్నిబట్టే మారుతుంది.

మొదలుపెట్టే పద్ధతులు మూడు. ఫోర్క్‌లో పేరెంట్ (అసలు ప్రాసెస్) మెమరీ ఎలా ఉందో అలాగే చైల్డ్‌కి (కొత్త ప్రాసెస్‌కి) వచ్చేస్తుంది. స్పాన్‌లో కొత్త ఇంటర్‌ప్రెటర్ మొదలై మీ మెయిన్ ఫైల్‌ని మళ్లీ ఇంపోర్ట్ చేసుకుంటుంది. ఫోర్క్‌సర్వర్‌లో ముందే సిద్ధంగా ఉన్న ఒక చిన్న సర్వర్ ప్రాసెస్ నుంచి ఫోర్క్ అవుతుంది. విండోస్‌లో ఉన్నది స్పాన్ ఒక్కటే. మ్యాక్‌లో 3.8 నుంచి డిఫాల్ట్ అదే. లినక్స్‌లో ఏళ్లతరబడి ఫోర్క్ ఉండేది, 3.14లో ఫోర్క్‌సర్వర్ అయింది.

పూల్ (పని పంచుకునే వర్కర్ ప్రాసెస్‌ల గుంపు) సృష్టించే కోడ్‌ని మెయిన్ గార్డ్ (if __name__ == "__main__":) లోపలే పెట్టండి. లేకపోతే స్పాన్‌లో చైల్డ్ ఫైల్‌ని ఇంపోర్ట్ చేసుకుంటూ తనూ పూల్ తెరవబోతుంది, రన్‌టైమ్ఎర్రర్ వస్తుంది. ఇది నయం, వెంటనే కనబడుతుంది.

నాకు అసలు భయం గ్లోబల్ వేరియబుల్స్‌తోనే. ఫైల్ పైన స్కేల్ విలువ 1 అని ఉంది. గార్డ్ లోపల కమాండ్ లైన్ నుంచి 10 తీసుకుని దాన్ని మార్చారు. ఫోర్క్‌లో వర్కర్‌కి 10 కనబడుతుంది. స్పాన్‌లో వర్కర్ ఫైల్‌ని మళ్లీ చదువుతుంది, గార్డ్ లోపలికి వెళ్లదు కాబట్టి దానికి 1 మాత్రమే తెలుసు. ఎర్రర్ ఏదీ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది. ఫోర్క్‌సర్వర్‌లోనూ ఇంతే, కాబట్టి లినక్స్ వాళ్లకూ ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. అలాంటి విలువల్ని ఆర్గ్యుమెంట్‌గా పంపండి, లేదా పూల్‌కి ఇనిషియలైజర్ (ప్రతి వర్కర్ మొదలైనప్పుడు నడిచే ఫంక్షన్), ఇనిట్‌ఆర్గ్స్ (దానికిచ్చే విలువలు) ఇవ్వండి.

పంపేదేదైనా పికిల్ కావాలి, అంటే బైట్లుగా మార్చడానికి వీలవ్వాలి. ల్యాంబ్డాలు, ఫంక్షన్ లోపలి ఫంక్షన్లు, తెరిచి ఉన్న ఫైళ్లు కావు. జూపిటర్ నోట్‌బుక్ సెల్‌లో రాసిన వర్కర్ ఫంక్షన్‌ని వేరే ఫైల్‌లోకి మార్చి ఇంపోర్ట్ చేసుకోండి.

లినక్స్‌లో రాస్తున్నా సరే, మొదటి రోజు నుంచే గెట్‌కాంటెక్స్ట్ (get_context) ఫంక్షన్‌తో స్పాన్ అడిగి టెస్ట్ చేయండి. సెట్‌స్టార్ట్‌మెథడ్ (set_start_method) మొత్తం ప్రోగ్రామ్‌కీ పద్ధతిని మార్చేస్తుంది, అందుకే లైబ్రరీల్లో దాని జోలికి పోవద్దు.

స్పాన్ మెల్లగా మొదలవుతోందని ఫోర్క్‌కి తిరిగి వెళ్లాలనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే పనులు) ఉంటే వద్దు. ఫోర్క్ అయ్యే క్షణంలో వేరే థ్రెడ్ చేతిలో లాక్ (ఒక్కో థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళం) ఉంటే, చైల్డ్‌లో ఆ లాక్ విడిపించే థ్రెడ్ ఉండదు, ప్రాసెస్ అలాగే వేలాడుతుంది. 3.12 నుంచి పైథాన్ దీనికి వార్నింగ్ కూడా ఇస్తోంది, దాన్ని నోరు మూయించకండి.

ఇంకొకటి: విండోస్‌లో ప్రాసెస్‌పూల్‌ఎగ్జిక్యూటర్‌కి (పైథాన్‌లో పూల్ లాంటిదే మరొకటి) 61 మించి వర్కర్లు అడిగితే వాల్యూఎర్రర్ వస్తుంది.