నల్లని ఉపగ్రహం వ్యాసాన్ని వెలుగు నుంచి లెక్కగట్టే పద్ధతి

శనికి సగటున 1.29 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరిగే ఫీబీ అనే ఉపగ్రహం, భూమి మీది దూరదర్శినులకు సాధారణంగా ఒక చుక్కగానే కనిపిస్తుంది. చుక్క వెడల్పును నేరుగా కొలవలేము కాబట్టి, దాని వెలుగును కొలిచి వ్యాసాన్ని రాబట్టాలి. లెక్క తేలికే, ఉపరితలం ఎంత నల్లనిదో నిర్ణయించడమే కష్టం.

భూమి సూర్యుడికీ శనికీ మధ్యకు వచ్చిన రోజుల్లోని కొలతలనే ఎంచుకోండి. ఫీబీ తన చుట్టూ తాను సుమారు 9 గంటల 16 నిమిషాల్లో తిరుగుతూ కొద్దిగా వెలుగు మార్చుకుంటుంది కనుక, ఒక్క రాత్రి అంకెను నమ్ముకోకుండా సగటు తీసుకోవాలి. ఆ సగటు మాగ్నిట్యూడ్ (వెలుగును తెలిపే అంకె; ఇది పెరిగేకొద్దీ వస్తువు మసకగా ఉన్నట్టు) 16.4 అనుకుందాం. అప్పుడు ఫీబీ సూర్యుడికి 9.5, భూమికి 8.5 ఖగోళ యూనిట్ల (ఒక యూనిట్ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో ఉందనుకుంటే, ఈ రెండింటి లబ్ధానికి 10 ఆధారంగా సంవర్గమానం కట్టి, దాన్ని 5తో గుణిస్తే దాదాపు 9.5 వస్తుంది. దీన్ని 16.4 నుంచి తీసివేస్తే మిగిలే 6.9, దూరాల ప్రభావం తొలగిన నిరపేక్ష మాగ్నిట్యూడ్.

ఈ 6.9ని 5తో భాగిస్తే 1.38. పదిని రుణ 1.38 ఘాతానికి పెంచి, ఈ లెక్కలో వాడే స్థిరాంకం 1329తో గుణిస్తే 55.4 వస్తుంది. దీన్ని ఆల్బిడో వర్గమూలంతో భాగిస్తే వ్యాసం కిలోమీటర్లలో తేలుతుంది. ఆల్బిడో అంటే, స్థూలంగా, తన మీద పడిన వెలుగులో ఉపరితలం తిప్పి పంపే భాగం.

ఇక్కడ తొందర పనికిరాదు. శని దగ్గరి ఉపగ్రహాలలో చాలావాటికి మంచు ఉపరితలం ఉంది కదా అని 0.5 తీసుకుంటే ఫీబీ వ్యాసం 78 కిలోమీటర్లే అవుతుంది, 0.08 తీసుకుంటే అదే వెలుగుకు 196 కిలోమీటర్లు వస్తుంది. ఏది సబబో కక్ష్యను చూసి ఊహించవచ్చు. ఫీబీ శని భ్రమణానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. అలాంటి కక్ష్య గ్రహంతోపాటు పుట్టినదానికంటే, బయటి నుంచి వచ్చి శని ఆకర్షణకు చిక్కిన వస్తువుకే ఎక్కువగా నప్పుతుంది. దూరాన పుట్టి చిక్కుకున్న ఇటువంటివి సాధారణంగా చాలా నల్లగా ఉంటాయి. వీలుంటే పరారుణ కొలతలు కూడా జతచేయండి: నల్లని వస్తువు ఎండను ఎక్కువగా పీల్చుకుని ఎక్కువ వేడిని వెలువరిస్తుంది కాబట్టి, వెలుగునూ వేడినీ కలిపి చూస్తే వ్యాసం, ఆల్బిడో రెండూ విడివడతాయి.

2004 జూన్ 11న శని వద్దకు పంపిన కాసిని అంతరిక్ష నౌక సుమారు 2,068 కిలోమీటర్ల దూరం నుంచి ఫీబీని చిత్రించింది. సగటు వ్యాసం 213 కిలోమీటర్లని తేలింది. గుంటల గోడల మీద, నల్లని పైపొర జారిన చోట, తెల్లని మంచు కూడా కనిపించింది. అంటే ఆల్బిడో అంతటా ఒకటి కాదు. అందుకే నౌక చేరని ఉపగ్రహానికి ఒకే అంకె రాయకండి. 0.04 నుంచి 0.10 వరకు ఆల్బిడోలు పెట్టి చూసి, రెండు హద్దులూ రాయండి. పై ఉదాహరణలో అవి 277, 175 కిలోమీటర్లు.