మీడియా మారితే మందు పనితీరు మారుతుంది: వాలీన్‌తో చేసి చూడండి

ల్యాబుల్లో వాడే ఇ. కోలై కె-12 అనే బ్యాక్టీరియా రకం పెరుగుదలను వాలీన్ అనే మామూలు అమైనో ఆమ్లం ఆపేస్తుంది, అదీ ఎం9 లాంటి కనీస పోషకాల మీడియాలోనే (మీడియా అంటే బ్యాక్టీరియాను పెంచే పోషక మిశ్రమం). పోషకాలు పుష్కలంగా ఉండే న్యూట్రియెంట్ అగర్‌లో అంతే వాలీన్ కలిపినా దానికేమీ కాదు. తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు చేసేవాళ్లకు ఇంత చవకగా, ఇంత స్పష్టంగా విషయం చూపే ప్రయోగం అరుదు.

ఐదింతల గాఢత గల ఎం9 లవణాల ద్రావణానికి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 30 గ్రా., పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 15, అమ్మోనియం క్లోరైడ్ 5, ఉప్పు 2.5 గ్రా. కలపండి. బోరు నీళ్లు వాడొద్దు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా విరుగుతాయి. మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్‌లను విడిగా ఆటోక్లేవ్ చేయమనేది (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపడం) కూడా అందుకే. గ్లూకోజ్‌నూ విడిగానే పెట్టండి, లేకపోతే మీడియా గోధుమరంగుకు తిరుగుతుంది.

100 మి.లీ. మీడియాకు 77 మి.లీ. నీటిలో 1.5 గ్రా. అగర్ వేసి 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి. 55 డిగ్రీలకు చల్లారాక లవణాలు 20 మి.లీ., 20 శాతం గ్లూకోజ్ 2 మి.లీ., 1 మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ 0.2 మి.లీ., 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్ 0.1 మి.లీ. కలపండి. వాలీన్, ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం రెండూ ఎల్-రూపంలోవే తీసుకుని, మి.లీ.కు 10 మి.గ్రా. చొప్పున కరిగించి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి. ఒక్కోటి 0.4 మి.లీ. వేస్తే లీటరుకు 40 మి.గ్రా. అవుతుంది.

నాలుగు ప్లేట్లు కావాలి: ఉత్త ఎం9, వాలీన్ కలిపిన ఎం9, వాలీన్‌తోపాటు ఐసోల్యూసిన్ కూడా కలిపిన ఎం9, వాలీన్ కలిపిన న్యూట్రియెంట్ అగర్. రెండోదాంట్లో తప్ప అన్నిట్లో పెరగాలి. ఐసోల్యూసిన్ తయారీలో ఒకే పని చేసే మూడు ఎంజైముల్లో వాలీన్‌కు లొంగనిదాన్ని తయారుచేసే ఐఎల్‌వీజీ జన్యువు కె-12లో చెడిపోయి ఉంటుంది. మిగిలిన రెండు ఎంజైములను వాలీన్ అడ్డుకోవడంతో ఐసోల్యూసిన్ తయారీ ఆగిపోతుంది. బయటినుంచి ఐసోల్యూసిన్ అందితే ఆ అడ్డు లెక్కలోకి రాదు. న్యూట్రియెంట్ అగర్‌లోని పెప్టోన్ (ప్రోటీన్లను విడగొట్టి చేసిన, ఐసోల్యూసిన్ ఉండే పోషకం) చేసే పని సరిగ్గా ఇదే.

ఎక్కువమంది తప్పేది కణాలు కడగడంలో. బ్యాక్టీరియాను రాత్రంతా పెంచిన బ్రాత్‌ను (ద్రవ మీడియాను) నేరుగా చుక్క పెడితే పెప్టోన్ కూడా వెంట వచ్చి, రెండో ప్లేటులోనూ పల్చగా పెరుగుతుంది. 0.85 శాతం సెలైన్‌తో రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి కడిగి, వెయ్యింతలు పలుచన చేసి, 5 మైక్రోలీటర్ల చుక్కలు పెట్టండి. 24, 48 గంటలకు చూడండి. 48 గంటలకు అక్కడక్కడా విడి కాలనీలు కనిపిస్తే అవి వాలీన్‌ను తట్టుకునే మ్యుటెంట్లు కావచ్చు, ప్రయోగం చెడిందనుకోవద్దు. మే నెలలో గది 40 డిగ్రీలు దాటితే కూలింగ్ లేని ఇంక్యుబేటర్ 37 వద్ద నిలవదు. లోపల థర్మామీటర్ ఉంచండి.

యాంటీబయాటిక్ డిస్కులదీ ఇదే దారి. డీఎన్ఏ తయారీకి కావలసిన థైమిడిన్ మీడియాలో ఎక్కువుంటే, దాని తయారీని అడ్డుకునే సల్ఫా మందుల మిశ్రమం కోట్రైమాక్సజోల్ పనిచేయనట్టే కనిపిస్తుంది. డిస్కు పరీక్షలకు వాడే ముల్లర్-హింటన్ అగర్ కొత్త బ్యాచ్ తెరిచినప్పుడు ఎంటెరోకాకస్ ఫీకాలిస్ ఏటీసీసీ 29212 అనే ప్రామాణిక బ్యాక్టీరియా రకంతో, కోట్రైమాక్సజోల్ డిస్కు పెట్టి పరీక్షించండి. డిస్కు చుట్టూ 20 మి.మీ. లేదా అంతకన్నా పెద్ద స్పష్టమైన జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) రాకపోతే ఆ బ్యాచ్‌ను సల్ఫా మందుల పరీక్షకు వాడకండి.